టీమ్‌లో ఒకడు వెనకబడితే లీడర్ ఏం చేయాలి?

దానిమ్మ_అనంతపురం
రైతుల తోటల్లో డ్రిప్ వేసే ఎనిమిది మంది టీమ్ నాది. ఒక కుర్రోడు రెండేళ్లు బాగా చేశాడు. రెండు నెలలుగా అన్నీ తప్పులే, ఫోన్ కూడా ఎత్తడు. పోయిన వారం నార్పల దగ్గర దానిమ్మ తోటలో వాడి లెక్క ప్రకారం పైపులు దించితే కట్టలు కట్టలు మిగిలాయి, బిల్లూ పెరిగింది. "ఎవరి కోసమబ్బా ఇన్ని పైపులు?" అన్నాడు రైతు. కోపమొచ్చి అందరి ముందే వాడిని తిట్టాను. అప్పట్నించి అసలు మాట్లాడటం లేదు. మేనేజరేమో ఒక నెల చూసి తీసేయమంటున్నాడు. ఎవరికైనా ఇట్లా జరిగిందా?

ఉపాధి_మేట్
మాదీ నార్పల మండలమే అన్నా. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మొదలైన బండ్లపల్లి మాకు దగ్గరే. మా పనిలో కొలతను బట్టి కూలి, ఒకరు తవ్వలేకపోతే గుంపు మొత్తానికి తగ్గుతుంది. ఒకామె గడ్డపార ఎత్తలేకపోతుంటే "ఆమెను వేరే గుంపులో వెయ్" అని అందరూ నా మీద పడ్డారు. పక్కకు పిలిచి అడిగితే మోకాళ్ల నొప్పి అని చెప్పింది. పని దగ్గర చిన్న పిల్లలు ఐదుగురు ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఒకరిని పెట్టాలని ఉపాధి హామీ చట్టంలోనే ఉండేది, కూలి కూడా ఇచ్చేవాళ్లు. ఆ పని ఆమెకు ఇప్పించా. మనిషిని మార్చే ముందు పని మార్చి చూడు.

కర్నూలు_అక్క
తమ్ముడూ, తిట్టింది అందరి ముందు కదా, తప్పయిందని కూడా అందరి ముందే చెప్పు. ఆఫీసు రూములోకి మాత్రం పిలవొద్దు, పిలిస్తే ఉద్యోగం పోయిందనే అనుకుంటాడు. నేను ల్యాబ్‌లో ఆరుగురిని చూసుకుంటా. ఏదైనా అడగాలంటే బండి వెనక కూర్చోబెట్టుకుని పోతా. మొహాలు చూసుకునే పని ఉండదు, మాట అదే బయటికొస్తుంది. "నీకేమైంది" అనొద్దు, "ఏ పని దగ్గర ఆగిపోతున్నావ్" అని అడుగు. నిద్ర లేదనో, బతకాలని లేదనో అంటే మాత్రం నీ తెలివి వాడకు, 14416కి ఫోన్ చేయించు. టెలి మానస్ అది, మనసు బాగోలేనోళ్ల కోసం సర్కారు పెట్టిన ఫోన్ లైను, రాత్రి పగలు ఉంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

కడప_గడప
నేను కొంచెం చేదుగా చెప్తా. ఒకడిని ఆరు నెలలు కాపాడుకుంటూ వచ్చా. వాడి పనంతా ఇంకో ముగ్గురు మోశారు. చివరికి ఆ ముగ్గురిలో బాగా చేసేవాడే మానేసి పోయాడు. సాయం చేయడం తప్పు కాదు, ఎప్పటిదాకా అనేది ఎవరికీ చెప్పకపోవడమే నా తప్పు. వారానికి ఒక్క పని ఒప్పజెప్పి, అది మాత్రం గట్టిగా చూడు.

దానిమ్మ_అనంతపురం
అక్క చెప్పినట్టే బండి మీద తీసుకుపోయా. తాడిపత్రి రోడ్డు ఎక్కేదాకా నోరు విప్పలేదు. తర్వాత చెప్పాడు, కొలతల యాప్ మొత్తం ఇంగ్లీషులో ఉంది, వాడు చదివింది ఏడో తరగతి. సాళ్ల మధ్య 15 అడుగులు, చెట్ల మధ్య 10. ఏ గడిలో ఏది రాయాలో తెలియక తారుమారు చేశాడు, లెక్కలో సాళ్లు ఎక్కువై పైపులూ ఎక్కువ పడ్డాయి. రెండు నెలల కిందట ఆ యాప్ తెచ్చి పెట్టింది నేనే! అంతకుముందు నోటు పుస్తకంలో వాడి లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇప్పుడు వాడు టేపు పట్టి పుస్తకంలో రాస్తాడు, ఇంకొకడు యాప్‌లో ఎక్కిస్తాడు. రోజుకు పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. మేనేజర్‌ను ఆ నెల మీద ఇంకో మూడు వారాలు అడిగి తీసుకున్నా. నిన్న పొద్దున అందరి ముందూ నాదే తప్పన్నా. వాడేం అనలేదు, టేపు తీసుకుని తోటలోకి పోయాడు.

ఉపాధి_మేట్
యాప్‌లో తెలుగు పెట్టుకునే వీలుందేమో చూశావా?

దానిమ్మ_అనంతపురం
లేదన్నా. కంపెనీకి రాశా, చూద్దాం.