నాపబండల లారీల అదనపు బరువును పట్టుకోవలసింది పోలీసులా, రవాణా శాఖా?

ప్రశ్న – ఎర్రగుంట్ల దగ్గరి ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. మా బడి ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు వైపు వెళ్లే దారిని ఆనుకొని ఉంది. నాపబండలు, సిమెంటు మోసే లారీలు పగలూ రాత్రీ ఆ దారినే తిరుగుతాయి. కిందటి నెల ఒక సాయంత్రం, బడి వదిలిన కాసేపటికి, పది టైర్ల లారీ ఒకటి స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగగానే పైవరుసలోని బండ జారి రోడ్డు మీద పడి మూడు ముక్కలయింది. అందులో ఒక ముక్క ఎగిరి వచ్చి ఐదో తరగతి పిల్లవాడి సైకిలు వెనుక చక్రానికి తగిలింది. చువ్వలు వంగాయి గాని పిల్లవాడికి దెబ్బ తగల్లేదు. దగ్గరకు వెళ్లి చూస్తే అంత బరువుకూ కట్టింది ఒకే ఒక్క కొబ్బరి తాడు. వెనుక ఉండవలసిన ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీ దుమ్ముకింద కనిపించనే లేదు.

ఫిర్యాదు చేద్దామని స్టేషనుకు వెళితే బరువు సంగతి రవాణా శాఖది అన్నారు. రవాణా శాఖ వారిని కలిస్తే, రోజూ రోడ్డు మీద ఉండేది పోలీసులే కదా అన్నారు. చట్టప్రకారం ఈ అధికారం ఎవరిది? లారీని ఆపి జరిమానా రాసి పంపేస్తే వారి బాధ్యత తీరినట్లేనా?

జవాబు – కడప న్యాయవాది

మాస్టారూ, ఇద్దరూ చెప్పింది సగం సగం నిజం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 114వ సెక్షను ప్రకారం, లారీలో పరిమితికి మించిన బరువు ఉందని అనుమానం కలిగినప్పుడు దాన్ని కాటాకు పంపవలసింది రవాణా శాఖ అధికారి, లేదా ప్రభుత్వం ఆ అధికారం ఇచ్చిన మరొకరు. ఆ కాటా లారీ వెళ్లే దారిలో 10 కిలోమీటర్ల లోపు గాని, గమ్యానికి 20 కిలోమీటర్ల లోపు గాని ఉండాలి. అంతమాత్రాన పోలీసుల చేతులు కట్టేసినట్లు కాదు. పర్మిట్టు గాని రిజిస్ట్రేషను గాని లేని బండిని 207వ సెక్షను కింద వారు నిలిపివేయవచ్చు. మీ బడి ముందు జరిగినట్లు బండలు సరిగా కట్టకుండా, మనుషుల ప్రాణాల మీదికి వచ్చేలా నడిపితే భారతీయ న్యాయ సంహితలోని 125, 281 సెక్షన్ల కింద కేసు పెట్టడానికి కాటాతో పనే లేదు.

మీ రెండో ప్రశ్నే అసలైనది. 2019 సవరణ తరువాత 194వ సెక్షను కింద అదనపు బరువుకు 20,000 రూపాయలు, దానిపైన అదనంగా ఉన్న ప్రతి టన్నుకు 2,000 రూపాయలు జరిమానా. తూకానికి ఒప్పుకోకుండా వెళ్లిపోతే 40,000. అయితే జరిమానా కట్టినంత మాత్రాన ఆ బరువుతో ముందుకు కదిలే హక్కు రాదు. అదనపు సరుకు దింపిన తరువాతే బండి కదలాలి. 2005లో పరంజిత్ భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటను స్పష్టంగా చెప్పింది. దింపుడు ఖర్చు కూడా బండివారిదే.

జవాబు – ప్రొద్దుటూరు లారీ డ్రైవరు

ఆ పిల్లవాడి సంగతి చదివి మనసు కలత చెందింది. నాకూ ఇద్దరు పిల్లలున్నారు. పదహారేళ్లుగా బండలే తోలుతున్నాను కాబట్టి లోపలి సంగతి చెబుతాను. పది టైర్ల లారీకి మొత్తం బరువు పరిమితి 2018లో 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది. బండి సొంత బరువు పోగా సరుకుకు మిగిలేది సుమారు 18, 19 టన్నులే. కిరాయి మాత్రం టన్ను లెక్కన ఇస్తారు. పరిమితి వరకే నింపుకుంటానంటే మరో బండి సిద్ధంగా ఉంటుంది.

గువ్వలచెరువు ఘాటులో అదనపు బరువుతో దిగేటప్పుడు సగం దారికే బ్రేకు లైనర్లు కాలిన వాసన వస్తుంది, పెడలు మెత్తబడుతుంది. రెండో గేరులో పట్టుకొని ఎలాగో ఒక పక్కకు తీసి, డ్రమ్ములు చల్లారేదాకా అరగంట నిలబడిన రాత్రులు నాకు ఇంకా గుర్తున్నాయి. నన్ను ఆపి జరిమానా రాసినవారు ఎందరో ఉన్నారు గాని, సరుకు దింపమన్నవారు ఒక్కరూ లేరు. ఆ రసీదు చూపిస్తే తరువాతి చోట కూడా వదిలేశారు. లైసెన్సు మూడు నెలలు రద్దయితే పస్తులుండేది నేను; ఎక్కువ నింపమన్నవారి పేరు ఏ కాగితంలోనూ రాదు.

జవాబు – అనంతపురం, రవాణా శాఖ విశ్రాంత బ్రేక్ ఇన్‌స్పెక్టరు

డ్రైవరు తమ్ముడు చెప్పినదానికి చట్టంలోనే జవాబుంది. 194వ సెక్షను నడిపినవారికే కాదు, నడిపించినవారికి, నడపనిచ్చినవారికి కూడా వర్తిస్తుంది. ఆ భాగాన్ని మేము వాడింది చాలా తక్కువ, ఇది నేను ఒప్పుకోవలసిన మాట. సరుకు దింపించకపోవడానికి కారణం కూడా ఉంది. రాత్రి పదకొండు గంటలకు ఎనిమిది టన్నుల బండలు ఎక్కడ దింపాలి, హమాలీలు ఎక్కడ దొరుకుతారు, పోతే ఎవరు జవాబుదారి అని భయపడేవాళ్లం. దింపిన సరుకు బాధ్యత బండివారిదేనని 114వ సెక్షను చెబుతున్నా, దింపడానికి స్థలమే లేకపోతే ఆ సెక్షను కాగితం మీదే ఉండిపోతుంది. అందువల్ల ఎర్రగుంట్ల, తాడిపత్రి లాంటి చోట్ల కాటా పక్కనే ఒక దొడ్డి కేటాయించాలని నా గట్టి అభిప్రాయం.

ఎఫ్‌సీని, అంటే బండి నడపడానికి తగినదని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌ను కూడా పూర్తిగా నమ్మవద్దు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలి. ఆ ఒక్క రోజుకు మంచి టైర్లు తెచ్చి బిగించి, మరునాడే అరిగిపోయిన రీబటన్ (పైపొర మళ్లీ అతికించిన) టైర్లకు మారినవారిని నేను చూశాను. రోడ్డు మీద నిలబడిన కానిస్టేబులు కాటా లేకుండానే కొంత కనిపెట్టగలడు. వెనుక స్ప్రింగు పట్టీలు వంపు పోయి తిన్నగా అయినా, టైర్లు అడుగున ఉబ్బినా బరువు మించిందని అనుమానించి, వెంటనే రవాణా శాఖకు ఫోను చేయాలి. కారు కిందికి దూరకుండా వెనుక ఉండే అడ్డుకమ్మీ ఉందో లేదో చూడటానికి టార్చిలైటు చాలు.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తున్నాను. కాటా పక్కన దింపుడు స్థలం ఇవ్వాలని, బడి వదిలే వేళకు పోలీసులు, రవాణా శాఖ కలిసి తనిఖీ చేయాలని, లోడు ఎత్తించినవారి పేరు కూడా కేసులో చేర్చాలని అడుగుతాను. విరిగిన బండ ముక్క, ఆ సైకిలు చక్రం ఇంకా మా వరండాలోనే ఉన్నాయి. వాటి ఫొటోలు అర్జీకి జతచేస్తాను.