17 నెలల బాబుకి వాంతులు, విరేచనాలు: ఓఆర్‌ఎస్ కడుపులో నిలవడం లేదు

ప్రశ్న – బందరు_అమ్మాయి

బాబుకి 17 నెలలు, బరువు 10 కిలోలు. నిన్నటి నుంచి నీళ్ల విరేచనాలు, మధ్యలో వాంతులు. జ్వరం 101. రక్తం, జిగట లేవు. పొద్దున డాక్టరు గారు చూసి, ఇంట్లోనే చూసుకోవచ్చని ఓఆర్‌ఎస్, జింకు మాత్రలు, పారాసెటమాల్ రాసిచ్చారు. పావు గ్లాసు ఓఆర్‌ఎస్ తాగించగానే కక్కేస్తున్నాడు. ఇచ్చింది లీటరు ప్యాకెట్టు కాబట్టి గ్లాసు నీళ్లలో చెంచాడు పొడి వేసి అప్పటికప్పుడు కలుపుతున్నాను. మందుల షాపులో ఇచ్చిన యాపిల్ రుచి డబ్బా మాత్రం ఇష్టంగా తాగుతున్నాడు, అదే పట్టొచ్చా? మా అత్తయ్య అన్నం, పాలు రెండూ ఆపమంటున్నారు.

జవాబు – సబ్‌సెంటర్_అక్క

ముందు కలిపే పద్ధతి మార్చండి. ప్యాకెట్టులో ఉప్పు, గ్లూకోజు, పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ కలిసి 20.5 గ్రాములు ఉంటాయి. చెంచాతో తీస్తే ఒకసారి ఉప్పు ఎక్కువ పడుతుంది, ఇంకోసారి గ్లూకోజు ఎక్కువ పడుతుంది. పలచనైతే పని చేయదు, చిక్కనైతే విరేచనాలు పెరుగుతాయి, ఒంట్లో ఉప్పు శాతం ప్రమాదకరంగా పెరగొచ్చు. లీటరు నీళ్ల సీసాతో కొలిచి, కాచి చల్లార్చిన నీళ్లలో ప్యాకెట్టు మొత్తం ఒకేసారి వేయండి. కలిపాక మళ్లీ కాచకూడదు. చక్కెర, నిమ్మరసం, పాలు ఏవీ కలపకూడదు. మూత పెట్టి ఉంచి, 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. సగం పారబోయాల్సి వస్తుందని బాధపడకండి, ఆశా దగ్గరా అంగన్‌వాడీలోనూ ప్యాకెట్లు ఉచితమే. 200 మి.లీ.కి సరిపోయే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి, ఈ వయసుకి అవే సుఖం.

ఇక వాంతి సంగతి. గడగడా తాగితే పొట్ట సాగి కక్కేస్తారు. వాంతి అయ్యాక 10 నిమిషాలు ఏమీ పట్టకండి. తర్వాత చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో సూది లేని సిరంజితోనో 5 మి.లీ., రెండు నిమిషాలాగి మరో 5 మి.లీ. విసుగ్గా ఉంటుంది కానీ అలా పడితే గంటకి 150 మి.లీ. లోపలికి వెళ్తుంది. సీసా ఇవ్వకండి, దాహం మీద ఒక్క గుక్కలో లాగేస్తాడు. వాంతి తగ్గాక, విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. రెండేళ్లు దాటిన పిల్లలకైతే 100 నుంచి 200.

ఓఆర్‌ఎస్ పట్టినా విరేచనాలు ఆగలేదని చాలామంది మధ్యలో మానేస్తారు. అది విరేచనాలు ఆపే మందు కాదు. పోయిన నీరు, ఉప్పు తిరిగి నింపుతుంది, అంతే.

జవాబు – మందుల_బీరువా

ఆ డబ్బా పక్కన పెట్టేయండి. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే. మామూలు పండ్ల రసం డబ్బాల్లో చక్కెర లీటరుకి 100 గ్రాముల చుట్టూ ఉంటుంది. అంత తీపి పేగులోకి వెళ్తే ఒంట్లోని నీటిని పేగులోకే లాగుతుంది. పిల్లాడు ఇష్టంగా తాగుతాడు, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములాకి సరిపోని పానీయాల మీద ‘ఓఆర్‌ఎస్’ అన్న మాటే వాడొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. దీని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. షాపువాళ్ల మాట వినకుండా ప్యాకెట్టు మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

జింకు 20 మి.గ్రా. మాత్ర రోజుకొకటి, చెంచాడు నీళ్లలో కరిగించి. అరగంటలోపు కక్కేస్తే మళ్లీ వేయండి. విరేచనాలు మూడో రోజుకే తగ్గినా 14 రోజులూ వేయాలి.

పారాసెటమాల్‌లో జరిగే పొరపాటు సీసా దగ్గరే. పది కిలోల పిల్లాడికి ఒక్కసారికి 150 మి.గ్రా. అంటే 5 మి.లీ.కి 120 ఉన్న సిరప్ అయితే 6 మి.లీ., 250 ఉన్నదైతే 3 మి.లీ. మి.లీ.కి 100 ఉండే చుక్కల మందు అయితే ఒకటిన్నర మి.లీ. మాత్రమే. చుక్కల మందుని సిరప్ లెక్కన పోస్తే నాలుగింతలు వెళ్లిపోతుంది. ఇంట్లో పాత సీసా ఉంటే డాక్టరు రాసిన దానితో పోల్చి చూడండి. ఆరు గంటల ఎడం, రోజుకి నాలుగు సార్లు మించొద్దు. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ లాంటి వేరే జ్వరం మందులు సొంతంగా వేయకండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలకి చేటు. విరేచనాలు ఆగడానికి పెద్దవాళ్లు వేసుకునే లోపెరమైడ్ అసలు పనికిరాదు.

బందరు_అమ్మాయి

ఇద్దరికీ చాలా థాంక్సండి. చెంచాతో పడుతుంటే నిలుస్తోంది. డైపర్ వేసి ఉంచాను, అందులో మూత్రం పోస్తున్నాడో లేదో ఎలా తెలుస్తుంది? తిండి సంగతి కూడా చెప్పండి.

జవాబు – సబ్‌సెంటర్_అక్క

డైపర్‌లో తెలియదు, నీళ్ల విరేచనం మూత్రంలాగే ఇంకిపోతుంది. పగలు తీసేసి పాత నూలు గుడ్డ వేయండి. ఒరుపు కూడా తగ్గుతుంది. ప్రతిసారీ నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, జింక్ ఆక్సైడ్ పూత దట్టంగా రాయండి. ఆ గుడ్డలు ముట్టుకున్న చేతులతోనే ఓఆర్‌ఎస్ కలపకండి, సబ్బుతో కడుక్కోండి.

తిండి ఆపొద్దు. లంఖణం పరమౌషధం అన్న మాట ఈ వయసు పిల్లలకి చెల్లదని అత్తయ్యకి నెమ్మదిగా చెప్పండి. పస్తు పెడితే పేగు కోలుకోవడం ఆలస్యమవుతుంది, బరువూ పడిపోతుంది. తల్లిపాలు తాగుతుంటే మామూలు కంటే ఎక్కువసార్లు ఇవ్వండి. వాంతి తగ్గిన నాలుగైదు గంటల్లో మెత్తని పెరుగన్నం, పెసరపప్పు కట్టుతో అన్నం, ఇడ్లీ, అరటిపండు. చెంచాడు నెయ్యి వేసినా ఏమీ కాదు. పాలలో నీళ్లు కలపకండి. గ్లూకోజు పొడి, కూల్‌డ్రింక్, టీ వద్దు.

ఆరు గంటలు మూత్రం లేకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, కళ్లు గుంటలు పడినా, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే రెండు సెకన్లకి కూడా సర్దుకోకపోయినా వెంటనే తీసుకెళ్లండి. మాడు ఇంకా పూడకపోతే అది లోపలికి పోయిందేమో చూడండి. తాగలేనంత మగతగా ఉన్నా, వాంతి ఆకుపచ్చగా పడినా, విరేచనంలో రక్తం కనిపించినా రాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి. దారిలో కూడా చెంచా ఆపకండి, మింగే తెలివి ఉన్నంత సేపూ.