పాప కరాటే సర్టిఫికెట్‌కి నేషనల్ ఫెడరేషన్ గుర్తింపు ఉండాలా?

నాగావళి గట్టు:
మాది శ్రీకాకుళం. మా పాపకి పదకొండేళ్లు, మూడేళ్లుగా కరాటేకి వెళ్తోంది. మొన్న బ్రౌన్ బెల్ట్ గ్రేడింగ్‌కి 2,500 కట్టాం. సర్టిఫికెట్ మీద పులి బొమ్మ, గ్లోబు, కింద మూడు ముద్రలు, చూడ్డానికి ఘనంగానే ఉంది. నేషనల్ ఫెడరేషన్ గుర్తింపు లేకపోతే అది చిత్తుకాగితమే అని మా బావగారు ఒకటే గొడవ. మాస్టారిని అడిగితే "మాది ఇంటర్నేషనల్ అండి, నేషనల్ కంటే పెద్దది" అన్నారు. అసలు ఈ ఫెడరేషన్ వాళ్లు చేసేదేంటి?

గంటస్తంభం:
విజయనగరంలో కొన్నాళ్లు రిఫరీగా చేశాను, తెలిసింది చెప్తా. బెల్టు ఇచ్చేది మీ మాస్టారు, ఆయన నేర్చుకున్న శైలి సంస్థ, అంటే షోటోకాన్, షిటోర్యూ లాంటివి. దాంతో ఫెడరేషన్‌కి పెద్దగా పని లేదు. అది చూసేది పోటీలు: జిల్లా, రాష్ట్రం, జాతీయం అని వరసగా సెలక్షన్లు పెట్టడం, రిఫరీలకు పరీక్షలు పెట్టడం, వయసు దొంగ సర్టిఫికెట్లు పట్టుకోవడం, బయటి దేశాలకి టీమ్‌ని పంపడం. తలకి తన్ను తగిలితే మూడు పాయింట్లని ఊరూరా ఒకేలా లెక్కపెట్టాలంటే పైన ఎవరో ఒకరుండాలి కదా. ఆ ఒకరెవరన్నదే మన దగ్గర తగువు. 2020 జనవరిలో భారత ఒలింపిక్ సంఘం కరాటే అసోసియేషన్ ఆఫ్ ఇండియా గుర్తింపు తీసేసింది, జూన్‌లో ప్రపంచ కరాటే ఫెడరేషన్ కూడా పక్కన పెట్టేసింది. టోక్యో ఒలింపిక్స్‌లోకి కరాటే మొదటిసారి వచ్చే ముందు మన ఇంటి పరిస్థితి అదీ! ఇప్పుడు ప్రపంచ ఫెడరేషన్‌లో మన తరఫున ఉన్నది కరాటే ఇండియా ఆర్గనైజేషన్. "ఇంటర్నేషనల్" అని పేరు పెట్టుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదండి.

జీడితోట:
మావాడికి ఓ "నేషనల్స్"లో కంచు పతకం వచ్చింది, వీధంతా స్వీట్లు పంచాం. తర్వాత తెలిసింది, వాడి విభాగంలో ఉన్నది నలుగురే. కరాటేలో కంచు పతకాలు రెండు ఇస్తారు కాబట్టి ఎవరూ ఉత్త చేతుల్తో ఇంటికి రాలేదన్నమాట. స్పోర్ట్స్ కోటాలో పెడితే, పోటీ పెట్టిన సంస్థ జాబితాలో లేదని కాగితం చూడకుండానే తిప్పి ఇచ్చేశారు. ఎంట్రీ ఫీజు, రైలు ఖర్చు అడగొద్దు.

గంటస్తంభం:
అందుకే బెల్టు గురించి కాదు, పోటీ గురించి అడగండి. జిల్లా సెలక్షన్ లేకుండా డబ్బు కట్టినవాళ్లందరినీ నేరుగా నేషనల్స్‌కి తీసుకెళ్తుంటే అనుమానించాల్సిందే. స్కూల్ గేమ్స్‌కైతే బడి తరఫున పేరు వెళ్లాలి, పీఈటీ గారిని కలవండి.

నాగావళి గట్టు:
థాంక్స్ అండి. సోమవారం పీఈటీ గారిని కలుస్తాను. పాపకి ఈ టెన్షన్లేవీ లేవు, పొద్దున్నే మవాషి గేరి (కాలు పక్కనుంచి తిప్పి తన్నే తన్ను) అంటూ బియ్యం డబ్బాని సొట్ట పెట్టింది.