గేర్ బండి టెస్ట్‌కి ముందు ఎన్ని క్లాసులు తీసుకోవాలి? తేల్చుకోలేకపోతున్నా

కొత్తరైడర్
నాలుగు గంటలుగా ఇదే వెతుకుతున్నాను. తల వేడెక్కింది తప్ప ఏమీ తేలలేదు. లైసెన్స్ టెస్ట్ దగ్గర పడింది. డ్రైవింగ్ స్కూల్లో ఐదు క్లాసుల కోర్సు ఒకటి, పదిహేను క్లాసులది ఒకటి ఉన్నాయి. స్నేహితుడేమో రెండు రోజులు ఖాళీ గ్రౌండ్‌లో తిప్పితే చాలు, డబ్బు దండగ అంటున్నాడు. స్కూల్లో సార్ పదిహేను తీసుకోకపోతే పాస్ అవడం కష్టం అంటున్నారు. ఇప్పటికి మూడు క్లాసులు అయ్యాయి. తిన్నగా బాగానే వెళ్తున్నాను. టెస్ట్ కోసం బండిని 8 ఆకారంలో తిప్పేటప్పుడు మాత్రం రెండో మలుపులో కాలు కింద పెట్టేస్తున్నాను. ఈ రోజు పదకొండుసార్లు వేస్తే రెండుసార్లే పూర్తిగా వచ్చింది. ఎన్ని క్లాసులో ఒక్క ముక్కలో చెప్పండి ప్లీజ్.

మితభాషి
ఇంతకుముందు ఏం నడిపారు? టెస్ట్ ఎన్ని రోజుల్లో? అవి తెలియకుండా చెప్పలేం.

హెల్మెట్ మాస్టారు
క్లాసుల లెక్క తర్వాత చూద్దాం. ప్రాక్టీస్‌లో హెల్మెట్ పెట్టుకుంటున్నారా? గ్రౌండే కదా అని చాలామంది దాన్ని అద్దానికి తగిలించేస్తారు. 1935లో, లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరున్న బ్రిటిష్ సైనికాధికారి టి.ఇ. లారెన్స్ మోటార్‌సైకిల్ మీద నుంచి పడి, తలకు దెబ్బ తగిలి, ఆరు రోజులకు చనిపోయారు. ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఉన్నారు. ఆ కేసు ఆయన్ని వదల్లేదు. బండి నడిపేవాళ్ల తల దెబ్బల గురించి, హెల్మెట్ అవసరం గురించి 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. బ్రిటిష్ సైన్యంలో బండి నడిపేవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి అయింది కూడా అప్పుడే.
పెట్టుకోవడమే కాదు, సైజు కూడా చూసుకోండి. స్ట్రాప్ బిగించాక వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకి లాగండి. ఊడి వచ్చిందంటే మీ తలకి అది సరిపోదు. హెల్మెట్‌ని పక్కలకి కదిపితే బుగ్గల చర్మం దానితోపాటే కదలాలి. టెస్ట్‌కి ఏది పెట్టుకుంటారో ప్రాక్టీస్‌కీ అదే పెట్టుకోండి. హెల్మెట్ లోపల ఇంజిన్ చప్పుడు వేరేగా వినిపిస్తుంది. చప్పుడు బట్టి క్లచ్ వదిలేవాళ్లకి అక్కడే లెక్క తప్పుతుంది.

గ్యారేజ్ బాబాయ్
బాబూ, 8లో కాలు పడుతోందంటే క్లచ్ మీద చెయ్యి ఇంకా కుదరలేదని. లివర్ పూర్తిగా పట్టకుండా, పూర్తిగా వదలకుండా హాఫ్ క్లచ్‌లో పెట్టుకో, యాక్సిలరేటర్ ఒకే తీరుగా ఉంచు, వేగం ఎక్కువైతే వెనక బ్రేక్ మీద పాదం కాస్త ఆనించు. ముందు బ్రేక్ జోలికి పోకు. హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉన్నప్పుడు అది పట్టావంటే బండి హ్యాండిల్ తిరిగిన వైపే కూలబడుతుంది.

నాలుగుచక్రాలు
దయచేసి హాఫ్ క్లచ్ నేర్పకండి. అది చెడ్డ అలవాటు. ప్లేట్లు కాలిపోతాయి. మా కారుకి రెండేళ్లకే క్లచ్ మార్చాల్సి వచ్చింది.

గ్యారేజ్ బాబాయ్
కారు క్లచ్ వేరు, బండి క్లచ్ వేరు. కారులో ఎక్కువగా ఉండేది పొడి క్లచ్. బండ్లలో చాలావాటికి ప్లేట్లు ఇంజిన్ ఆయిల్లో మునిగి ఉంటాయి, ఆ ఆయిలే వేడిని లాగేస్తుంది. గ్రౌండ్‌లో పావుగంట నెమ్మదిగా తిప్పినంత మాత్రాన ఏమీ కాదు. ఎత్తు రోడ్డు మీద బ్రేక్ పట్టకుండా క్లచ్ మీదే బండిని నిలబెట్టేవాళ్లవి కాలుతాయి, ఒప్పుకుంటాను. నెమ్మదిగా తిప్పడానికి మాత్రం వేరే దారి లేదు.

నాలుగుచక్రాలు
ఆయిల్ ఉన్నా రాపిడి రాపిడే కదండీ.

పదాలపట్టింపు
హాఫ్ క్లచ్ అనే మాటతోనే కొత్తవాళ్లు పాడవుతున్నారు. సగం అనగానే లివర్‌ని సరిగ్గా మధ్యలో పట్టుకుంటారు. ఇంజిన్ చక్రానికి పట్టు ఇవ్వడం మొదలయ్యే చోటు ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది. కేబుల్ వదులుగా ఉంటే లివర్ చివరికి వస్తుంది, బిగువుగా ఉంటే హ్యాండిల్‌కి దగ్గరగా దొరుకుతుంది. దాన్ని బైటింగ్ పాయింట్ అనాలి.

గ్యారేజ్ బాబాయ్
మీరు చెప్పింది తిరగేశారు. కేబుల్ వదులైతే లివర్ కొంచెం వదలగానే, హ్యాండిల్ దగ్గరే పట్టు దొరుకుతుంది. బిగువుగా ఉంటే చివర్లో దొరుకుతుంది. పైగా అది ఒక్క చోటు కాదు, కొంత మేర. ఆ మేరలోనే వేళ్లు కదుపుతూ ఉండాలి.

పదాలపట్టింపు
కేబుల్ సంగతి ఒప్పుకున్నా. పాయింట్ అన్న మాట మాత్రం అందరూ వాడేదే.

కొత్తరైడర్
నా ప్రశ్న ఎక్కడికో పోయింది. అన్నట్టు బాబూ కాదండీ, అమ్మాయిని. టెస్ట్ తొమ్మిది రోజుల్లో. ఐదేళ్లుగా గేర్‌లెస్ స్కూటర్ నడుపుతున్నాను, దానికి లైసెన్స్ ఉంది, గేర్ బండి ఇప్పుడే మొదటిసారి. బండి నడపడం వచ్చు కదా అని చెప్పలేదు. సైకిల్ కూడా బాగా వచ్చు. అందుకే ఇది రాకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

మితభాషి
ఎడమ చెయ్యి చూసుకోండి. చాలా గేర్‌లెస్ స్కూటర్లకి ఎడమ లివర్ వెనక బ్రేక్. ఇక్కడ క్లచ్.

నిదానంగా
పైన చెప్పిందే అసలు విషయం, కొంచెం విడమరిచి చెప్తాను. నేనూ స్కూటర్ నుంచి గేర్ బండికి వచ్చినవాడినే.
ఐదేళ్లుగా భయం వేసిన ప్రతిసారీ మీ ఎడమ చెయ్యి లివర్ పట్టుకుంది, బండి ఆగింది. ఇప్పుడు రెండో మలుపులో బండి వంగగానే అదే చెయ్యి అదే పని చేస్తోంది. గేర్ బండిలో ఆ లివర్ పూర్తిగా పట్టగానే చక్రానికి ఇంజిన్ లాగుడు తెగిపోతుంది. నెమ్మదిగా మలుపు తిరుగుతున్న బండిని పడకుండా నిలబెట్టేది ఆ లాగుడే. అది పోతే బండి లోపలికి ఒరుగుతుంది, మీరు కాలు పెడతారు. బ్యాలెన్స్ లేక కాదు. సైకిల్ వచ్చినవాళ్లకి బ్యాలెన్స్ ఉంటుంది.
నాకు ఆ అలవాటు తగ్గిన పద్ధతి చెప్తాను. మొదటి రోజు 8 అసలు వేయలేదు. ఫస్ట్ గేర్‌లో తిన్నగా, మనిషి నడిచేంత వేగంతో వెళ్తూ, ఎడమ చేతి రెండు వేళ్లు మాత్రమే లివర్ మీద ఉంచి పట్టు దొరికే చోట వదలడం, కొంచెం పట్టడం, మళ్లీ వదలడం చేశాను. వేగం తగ్గించాలంటే కుడి పాదంతోనే. స్కూటర్ వాళ్లకి ఆ పాదానికి ఇప్పటిదాకా పనే లేదు కదా, దానికి పని నేర్పాలి. అరగంటకే అరచేయి నొప్పి పుట్టింది, ఆపేశాను. మర్నాడు పెద్ద గుండ్రం, ఆ తర్వాత చిన్న గుండ్రం, నాలుగో రోజు 8.
ఇంకోటి, మలుపులో ఎక్కడ చూస్తున్నారు? దారికి గుర్తుగా పెట్టిన కోన్‌ని చూస్తే బండి కోన్ మీదకే పోతుంది. గడ్డం తిప్పి మలుపు బయటికి వచ్చే చోటు చూడండి. రెండో మలుపులో పోతోందంటే మొదటిది దాటగానే తల తిప్పడం ఆలస్యమవుతోందేమో కూడా గమనించండి.

కొత్తరైడర్
ఇప్పుడే ఆగి ఉన్న బండి మీద కూర్చుని కళ్లు మూసుకుని మలుపు ఊహించుకున్నాను. నిజంగానే నాలుగు వేళ్లూ బిగుసుకున్నాయి! మూడు క్లాసుల్లో ఎవరూ ఈ మాట చెప్పలేదు. సరే, మరి ఎన్ని క్లాసులు?

నిదానంగా
సంఖ్య అడిగితే ఇంకో ఐదు అంటాను, పదిహేను ఒకేసారి కట్టకండి. కానీ రోజుకి ఒకటే, నలభై నిమిషాలు మించకుండా. ఒకే రోజు మూడు గంటలు చేస్తే చివరి గంటంతా అలసిన చేతికి తప్పే అలవాటవుతుంది.
సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి. ప్రతిరోజూ వేసే మొట్టమొదటి 8 ఒక్కటే లెక్కలోకి తీసుకోండి. పదకొండోసారి రావడం గొప్ప కాదు, అప్పటికి చెయ్యి వేడెక్కి ఉంటుంది. టెస్ట్‌లో మీకు దొరికేది మొదటిసారే. వరుసగా మూడు రోజులు మొదటి ప్రయత్నంలోనే కాలు పెట్టకుండా వస్తే టెస్ట్ వరకు చాలు. రాకపోతే ఇంకో రెండు క్లాసులు కట్టండి, తప్పులేదు. టెస్ట్ ఏ బండి మీద ఇస్తారో కనీసం చివరి రెండు రోజులు దాని మీదే వేయండి. మీరు ఇప్పుడు స్కూల్ బండి మీద నేర్చుకుని స్నేహితుడి బండి మీద టెస్ట్‌కి వెళ్తే క్లచ్ పట్టు మారుతుంది, హ్యాండిల్ తిరిగేంత మేర మారుతుంది.

రోడ్డుమీద
టెస్ట్ వరకు చాలు అన్న మాట దగ్గర ఆగకండి. 8 వేయడానికి పనికొచ్చే వేగంతో రోడ్డు మీద ఎవరూ పోరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం. వేగం రెట్టింపైతే బ్రేక్ పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఒక్క క్లాసైనా గట్టిగా బ్రేక్ పట్టి ఆగడానికి పెట్టించుకోండి. బండి నిటారుగా ఉన్నప్పుడు ముందు బ్రేక్‌ని ఒక్కసారిగా కాకుండా పిండుతూ పట్టడం నేర్పమనండి.
అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను చోటుకి వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. వాటిలో ఉన్న రైడర్లలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. రెండు రోజులు చాలన్న మీ స్నేహితుడికి ఇది చూపించండి.

పదాలపట్టింపు
ఆ అంకె ఒక్కటే చూసి శిక్షణ ప్రాణం కాపాడుతుందనలేం. ప్రమాదం జరగనివాళ్లలో ఎంతమంది అలా నేర్చుకున్నారో పక్కన పెట్టి చూడాలి. అప్పట్లో అక్కడ క్లాసుకి వెళ్లినవాళ్లే తక్కువైతే రెండు వైపులా అలాగే వస్తుంది.

రోడ్డుమీద
ఆ మాట సరైనదే. అయినా బ్రేక్ క్లాస్ విషయంలో నా మాట మారదు. స్కూటర్ అలవాటున్న ఎడమ చెయ్యి 60లో ఏం చేస్తుందో ఆలోచించండి.

కొత్తరైడర్
ఇంకో ఐదు క్లాసులకి కట్టేశాను, నాలుగోది బ్రేక్ కోసమని సార్‌తో మాట్లాడుకున్నాను. ఇవాళ తిన్నగా, నెమ్మదిగా మాత్రమే. థ్యాంక్సండీ.

నాలుగుచక్రాలు
క్లచ్ సంగతి ఇంకా తేలలేదు. ఆయిల్లో మునిగిన ప్లేట్లు ఎన్ని వేల కిలోమీటర్లు వస్తాయి?

చిన్నపాదం
నాదీ ఇలాంటి సందేహమే. సీటు ఎత్తుగా ఉంది, రెండు పాదాలూ పూర్తిగా ఆనవు. నాకెన్ని క్లాసులు పడతాయి?

గ్యారేజ్ బాబాయ్
ఆగినప్పుడు ఎడమ పాదం ఒక్కటి గట్టిగా ఆనితే చాలు, కుడి పాదం బ్రేక్ మీద ఉండాలి. ఏ బండి?