వైకింగ్ ఆటలో పచ్చబొట్లు, ఒంటి రంగులు చేర్చడం ఎలా?

వశిష్ఠతీరం (రాజోలు):
వైకింగుల ప్రపంచం నేపథ్యంగా సాగే వాల్‌హైమ్ అనే వీడియో గేమ్‌లో జుట్టు, గడ్డం, ఒంటి ఛాయ మనకు నచ్చినట్టు ఎంచుకోవచ్చు. 2023లో వచ్చిన బార్బర్ స్టేషన్‌తో ఆట మధ్యలో జుట్టు, గడ్డం మార్చుకోనూ వచ్చు. పచ్చబొట్లు, ఒంటికి పూసుకునే రంగులు మాత్రం లేవు. అమలాపురం మిత్రులతో కలిసి వాటిని మాడ్‌గా (ఆటకు ఆటగాళ్ళే తయారుచేసి జోడించే మార్పుగా) తయారుచేయాలనుకుంటున్నాము. వైకింగులు నిజంగా పచ్చబొట్లు పొడిపించుకునేవారా? వాటికి ఆటలో ఏదైనా అదనపు శక్తి ఇవ్వడం సబబేనా?

గోదారిగట్టు:
922లో వోల్గా నది తీరాన రూస్ వర్తకులను (తూర్పు దిక్కుకు వెళ్ళిన వైకింగులను) చూసిన అరబ్ యాత్రికుడు ఇబ్న్ ఫద్లాన్, వారి ఒంటి మీద గోళ్ళ మొదలు మెడ వరకు ముదురు ఆకుపచ్చ రంగులో చెట్లు, బొమ్మలు ఉన్నాయని రాశాడు. అవి పొడిపించుకున్నవో పూసుకున్నవో ఆ వర్ణనను బట్టి తేల్చలేము. ఆ కాలపు చర్మమేదీ మిగలలేదు కనుక తవ్వకాలూ సాయపడవు. ఆకుపచ్చ అన్నాడు కదా అని మసి వాడలేదనుకోనక్కరలేదు, ఎందుకంటే మన అమ్మమ్మల చేతుల మీద మసి, పసరు కలిపి పొడిచిన చుక్కలు కూడా చర్మం కింద పచ్చగానే కనిపిస్తాయి. దయచేసి వెగ్విసిర్ దిక్సూచి గుర్తు మాత్రం పెట్టకండి. అది 1860 నాటి ఐస్‌లాండ్ రాతప్రతిలో దొరికినది. డెన్మార్క్‌లోని మామెన్ సమాధిలో దొరికిన గొడ్డలి మీది తీగల అల్లికను అనుసరిస్తే కాలానికి సరిపోతుంది.

గరగలవీధి (ముమ్మిడివరం):
పచ్చబొట్టును, పూసుకునే రంగును ఒకే గాటన కట్టకపోవడం మంచిదండి. బొగ్గు, బ్లూబెర్రీలు, రాస్ప్‌బెర్రీలు ఆటలో ముందే ఉన్నాయి కనుక రంగు వాటితోనే తయారుకావాలి. వానలో తడిసినప్పుడు వచ్చే తడి స్థితి మొదలవగానే అది కరిగిపోవాలి. (జాతరలో పులివేషగాడు వానకు దొరికితే ఏమవుతుందో మనకు తెలియనిదా!) పచ్చబొట్టు చెరగకూడదు, అందుకే దానిని ఒక్కొక్క బాస్‌ను (ఆటలోని పెద్ద శత్రువును) ఓడించినందుకు గుర్తుగా ఇవ్వండి. శక్తి ఇస్తే అందరూ లాభమున్న బొమ్మనే వేయించుకుంటారు, ఇక మిగతా బొమ్మలు గీసిన శ్రమ వృథా. పదో శతాబ్దంలో హెడెబీ అనే వైకింగ్ పట్టణాన్ని చూసిన యాత్రికుడు అల్ తర్తూషీ, అక్కడ మగవారూ ఆడవారూ కళ్ళకు రంగు పెట్టుకుంటారని రాశాడు కాబట్టి, కాటుకను కూడా చేర్చవచ్చు.

లంకకోడర్:
ఈ ఆటలో మనుషుల బొమ్మలు కావాలనే ముతక పిక్సెళ్ళతో ఉంటాయి. సన్నని అల్లిక అందులో మరకలా కనిపిస్తుంది కాబట్టి గొడ్డలి మీది నమూనాను మందపాటి గీతలుగా కుదించక తప్పదు. పైగా కవచం తొడిగితే ఛాతీ, చేతులు చాలావరకు కప్పుకుపోతాయి గనుక ముందు ముఖం, మెడ మీద పని ముగించండి. మీ మాడ్ లేని ప్లేయర్లకు ఈ బొమ్మలు కనబడవు, కాబట్టి సర్వర్‌లో ఉన్నవారందరి చేతా దానిని ఇన్‌స్టాల్ చేయించాలి.