నల్లరేగడిలో లాన్: వాన వెలిసి మూడు రోజులైనా నీళ్లు దిగడం లేదు

మల్లెపందిరి:
మాది గుంటూరు శివారు, నల్లరేగడి నేల. ఇల్లు కట్టి రెండేళ్లయింది. ముందు ముప్పై అడుగులకు ఇరవై అడుగుల లాన్ వేయించాం. వాన వెలిసి మూడు రోజులైనా పడమటి మూల నీళ్లు అలాగే ఉంటున్నాయి. గడ్డి పసుపు రంగుకు తిరిగిపోయింది. చేత్తో లాగితే వేళ్లు నల్లగా కుళ్లి, మురుగు వాసనతో ఊడొస్తున్నాయి. మా నాన్నగారు పొద్దున్నే పేపర్ పట్టుకుని అక్కడే కుర్చీ వేసుకునేవారు. పాచికి జారి పడతారేమోనని టెన్షన్‌గా ఉండి, ఇప్పుడు వరండాలోనే కూర్చోబెడుతున్నాను. నర్సరీ ఆయన రెండు ట్రాక్టర్ల ఇసుక తోలించమంటున్నాడు. తోలించమంటారా?

రేగడిరైతు:
వద్దండి. రేగడిలో అరకొరగా ఇసుక కలిపితే ఎండాక ఇంకా బిగుసుకుపోతుంది. ముందు డాబా నీళ్ల పైపు ఎక్కడ పడుతోందో చూడండి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన కురిసినా 900 లీటర్లకు పైగా దిగుతాయి. తర్వాత ఆ మూల గునపం దించి, ఎంత లోతులో ఆగుతుందో చెప్పండి. పక్కనే అడుగు లోతు గుంత తీసి నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపి, గంటకు ఎంత తగ్గుతుందో స్కేలుతో కొలవండి.

డాబాతోట:
ఇంకుడు గుంత తవ్వించండి. హైదరాబాద్‌లో మాకు బాగా పనిచేసింది.

రేగడిరైతు:
మీది మొరం నేల అయ్యుంటుందండి, అందుకే ఇంకింది. రేగడి తడిస్తే ఉబ్బి పగుళ్లన్నీ మూసుకుపోతాయి. అక్కడ గుంత తవ్వితే అందులోనూ నీళ్లు నిలుస్తాయి.

మల్లెపందిరి:
చూశానండి. గునపం ఏడంగుళాల దగ్గర ఠంగుమంది. తవ్విస్తే సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, వాటి కింద మట్టి బిళ్లలా ఉంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు మాలు కలిపింది అక్కడేనట. డాబా పైపు కూడా ఆ మూలకే పడుతోంది. గుంతలో నీళ్లు గంటకు పావు అంగుళం కూడా తగ్గలేదు.

రేగడిరైతు:
అయితే పైపును ఈ వారమే వీధి వాన కాలువకు మళ్లించండి, సగం బాధ తీరుతుంది. మిగతా పని వానలు ఆగి నేల ఆరాక పెట్టుకోండి. తడి రేగడిని తొక్కితే ఇంకా గట్టిపడుతుంది. పెళ్లలన్నీ ఏరేసి, ఆ బిళ్లను పారతో పగలగొట్టి, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. మూల నుంచి గేటు దాకా అడుగున్నర లోతు కాలువ తీసి, అందులో జియో క్లాత్ (మట్టిని ఆపి నీళ్లను మాత్రం వదిలే బట్ట) పరిచి, కంకర మధ్యన నాలుగంగుళాల చిల్లుల పైపు వేయండి. పదడుగులకు అంగుళంపైన వాలు తప్పకుండా ఉండాలి. లెవల్ ట్యూబ్‌తో (మట్టం చూసే నీళ్ల గొట్టం) మీరే దగ్గరుండి చూసుకోండి, మేస్త్రీ కంటి అంచనాకు వదలొద్దు.

మల్లెపందిరి:
పైపు నిన్ననే మళ్లించాం. రాత్రి గట్టి వానే పడింది. పొద్దున ఆ మూల నీళ్లున్నాయి కానీ గడ్డి కొనలు పైకి కనిపిస్తున్నాయి. అన్నట్టు, పైపు చిల్లులు పైకి పెట్టాలా, కిందికా?

రేగడిరైతు:
కిందికే పెట్టండి. కంకరలో నీటిమట్టం లేచి, అడుగు నుంచే పైపులోకి వస్తాయి.