టాటా ఏస్‌కి అదనపు కమాను పట్టీలు వేయించాలా, వద్దా?

టమాటా ట్రాలీ (మదనపల్లె దగ్గర)

అన్నలారా, నాది 2017 టాటా ఏస్, డీజిల్. సెకండ్ హ్యాండ్‌లో కొని మూడేళ్లయింది. మా ఊరి నుంచి మదనపల్లె మార్కెట్ యార్డుకి టమాటా తోలుతాను. పోను 30 కిలోమీటర్లు, రాను 30. ట్రేకి 20 రూపాయలు బాడుగ.

టమాటాతో కలిపి ఒక్కో ట్రే 27 కిలోలు తూగుతోంది. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే నేను వేయాల్సింది 750 కిలోల లోపే. అంటే 27 ట్రేలు. రైతులేమో 45 ట్రేలు ఒక్కసారే పెట్టమంటారు. "పక్క ఊరి బండి పెడుతోంది కదా, నీకేమొచ్చింది" అంటారు. 45 ట్రేలంటే 1,215 కిలోలు.

లెక్క కూడా చెప్తాను. 27 ట్రేలకి 540 రూపాయలొస్తే రానూ పోనూ డీజిల్‌కే దాదాపు 300 పోతుంది. మిగిలిన 18 ట్రేల కోసం రెండో ట్రిప్పు వేస్తే 360 వచ్చి, 300 మళ్లీ డీజిల్‌కే. నా రెండు గంటల కష్టానికి 60 రూపాయలు. అదే ఒక్క ట్రిప్పులో 45 పెడితే 900.

పోయిన నెలలో వెనక ఎడమ పక్క కమాను పట్టీ (బండి బరువు మోయడానికి ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు స్ప్రింగు పట్టీల్లో) ఒకటి విరిగింది. మెకానిక్ కొత్తది వేస్తూ, "పక్కకి రెండేసి ఎక్కువ పట్టీలు వేసిస్తా, ఇంక ఎంత పెట్టినా కూర్చోదు" అన్నాడు. మా బావ వద్దే వద్దంటున్నాడు. ఇద్దరి మాటా విన్నాక నిద్ర పట్టడం లేదు. వేయించినవాళ్లు, వేయించి తీయించినవాళ్లు దయచేసి చెప్పండి.

సామాను బండి (ఎల్బీ నగర్)

వేయించు తమ్ముడూ. నేను ఏడేళ్ల నుంచి పక్కకి రెండేసి అదనపు పట్టీలతోనే నడుపుతున్నా. సిమెంటు, టైల్సు, ఇల్లు మారేవాళ్ల సామాను, అన్నీ వేస్తా. సిమెంటు బస్తా 50 కిలోలు. నీ లెక్కలో అయితే 15 బస్తాలే వేయాలి. 15 బస్తాలకి బండి పిలిచే షాపు హైదరాబాద్‌లో నాకు కనపడలేదు. 25 అంటే వెళ్తాం, లేదంటే వెనకున్న బండి వెళ్తుంది. ఇంట్లో ఈఎంఐ మాత్రం 750 కిలోలు చూసి ఆగదు కదా.

వద్దనేవాళ్లని ఒకటే అడుగుతా. లోడ్ ఎలాగూ వేస్తాం. పట్టీ లేకపోతే వెనక చతికిలబడుతుంది, టైరు పైన బాడీకి రాసుకుంటుంది, మలుపులో ఒక పక్కకి ఒరుగుతుంది. పట్టీ ఉంటే బండి నిటారుగా నిలబడుతుంది. ఎక్కువ బరువుని మెత్తబడ్డ బండి మీద వేయడం మేలా, గట్టి బండి మీద వేయడం మేలా? నాకైతే ఇందులో రెండో మాట లేదు.

కమాను పని, 22 ఏళ్లు (పీలేరు)

తమ్ముడూ, ఈ పని చేసి తింటున్నవాణ్ని నేను. పట్టీలు వేస్తే నాకు డబ్బులొస్తాయి. అయినా వద్దంటున్నాను, ఎందుకో ఓపిగ్గా విను.

పట్టీ బండిని లేపుతుంది, అంతే. బరువు పట్టీ మీద ఆగిపోదు. అక్కడి నుంచి యాక్సిల్‌కీ (చక్రాల ఇరుసు), చక్రం తిరిగే హబ్ బేరింగులకీ, టైరుకీ దిగుతుంది. ఆపాల్సి వచ్చినప్పుడు బ్రేకు మీద పడుతుంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ మనం మార్చలేదు. మార్చింది పట్టీ ఒక్కటే.

టైరు సంగతే చూడు. నీ బండికి వచ్చే 12 అంగుళాల టైరు పక్కన సైజు తర్వాత ఒక నంబరు ఉంటుంది. ఎక్కువగా 86 అని ఉంటుంది. అంటే సరైన గాలి ఉంటే ఒక టైరు 530 కిలోలు మోస్తుంది, వెనక రెండూ కలిపి 1,060. ఇప్పుడు ఖాళీ బండిని వెనక చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా పెట్టి తూకం వేయించు. నా దగ్గరికొచ్చిన ఒక ఏస్‌కి అలా 350 దాకా చూపించింది. తొట్టి వెనక యాక్సిల్ మీదే ఉంది కాబట్టి లోడ్‌లో పదింట తొమ్మిది పాళ్లు వెనకకే వస్తుందనుకుందాం. 27 ట్రేలు వేస్తే వెనక దాదాపు వెయ్యి కిలోలు. టైరు మోయగలిగిన దాంట్లోనే ఉంది. 45 ట్రేలు వేస్తే 1,440. టైరు హద్దు దాటి 380 కిలోలు! ఏప్రిల్ ఎండలో తారు రోడ్డు మీద ఆ టైరు ఎంత వేడెక్కుతుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది.

సామాను బండి తమ్ముడు అడిగింది మంచి ప్రశ్నే. మెత్తటి బండి కన్నా గట్టి బండి మేలు కదా అని. నా అనుభవంలో అసలు చిక్కు అక్కడే వస్తుంది. పాత పట్టీలతో 35 ట్రేలు పెట్టగానే వెనక కూర్చుని "ఇక చాలు" అని బండే చెప్పేది. అదనపు పట్టీ వేశాక ఆ మాట చెప్పడం మానేస్తుంది. 35 పెట్టేవాడు 45 పెడతాడు, పండగ ముందు 50 పెడతాడు. నా షాపుకి పట్టీలు వేయించుకుని వెళ్లినవాళ్లలో సగం మంది ఏడాది లోపు హబ్ బేరింగు కోసమో, వెల్డింగు పగిలిన తొట్టి కోసమో, చాసిస్ (బండి అడుగు ఫ్రేము) మీద పగులు గీత పడిందనో మళ్లీ వచ్చారు.

ఇంకొకటి. కొన్ని చిన్న ట్రక్కుల్లో వెనక యాక్సిల్‌కీ చాసిస్‌కీ మధ్య సన్నటి కడ్డీ కట్టిన ఒక వాల్వు ఉంటుంది. లోడ్ పడి వెనక కిందికి దిగితే అది వెనక బ్రేకుకి ప్రెషర్ పెంచుతుంది. పట్టీలు బిగిస్తే వెనక దిగదు. ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. నిండు లోడ్‌తో ఉన్న బండికి ఖాళీ బండి బ్రేకు! మీ బండి కింద పడుకుని అది ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

ఘాట్ డ్రైవర్ (తిరుపతి)

మదనపల్లె నుంచి టమాటా, బీన్సు తెచ్చి తిరుపతిలో దింపేవాణ్ని. భాకరాపేట ఘాట్ దిగాలి. అదనపు పట్టీలు వేయించిన ఏస్‌తోనే ఒకటిన్నర టన్ను దాకా పెట్టి దిగేవాణ్ని, భయం కూడా ఉండేది కాదు.

ఒకరోజు తెల్లవారుజామున మూడో గేరులో దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టి ఉంచేశాను. నాలుగైదు మలుపులయ్యాక పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు. కాలిన బ్రేకు లైనర్ వాసన. రెండో గేరు, మొదటి గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగుతూ, కొండ పక్క మట్టి కట్టకి బండిని రాపాడించి ఆపాను. లోయ పక్కకి వెళ్లి ఉంటే ఇప్పుడు ఇది రాసేవాణ్ని కాదు.

పట్టీలు చక్కగా ఉన్నాయి, ఒక్కటీ విరగలేదు. వాటిని చూసే నాకు ధైర్యం వచ్చింది, ఆ ధైర్యమే నన్ను లోయ దాకా తీసుకెళ్లింది. టమాటా ట్రాలీ తమ్ముడిది మైదానం రోడ్డే కావచ్చు. కానీ తిరుపతి బాడుగ దొరికిన రోజు వద్దంటావా? ఆ రోజు కూడా అవే బ్రేకులు.

సామాను బండి (ఎల్బీ నగర్)

అన్నా, మీరు బతికి బయటపడ్డందుకు నిజంగా సంతోషం. ఘాట్ రోడ్డుకి నా మాట వర్తించదు, ఒప్పుకుంటున్నా. నేను సిటీలో 40 దాటను.

కానీ ఒక్క మాట. హద్దులో లోడ్ వేసి బతకమని అందరూ చెప్తారు. హద్దులోనే వేస్తే బాడుగ పెంచుతామని ఏ షాపువాడైనా చెప్పాడా? తప్పంతా బండివాడి మీద పెట్టి మాట్లాడితే నాకు కడుపు మండుతుంది.

ఆర్టీఓ పనుల మీద తిరిగేవాణ్ని (గుంటూరు)

కేసుల సంగతి చెప్తా, ఎందుకంటే చాలామంది పట్టీకి జరిమానా ఉండదు అనుకుంటున్నారు.

మోటారు వాహనాల చట్టానికి 2019లో సవరణ వచ్చాక ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ 2,000. ఎక్కువున్న సరుకు దింపించే ఖర్చూ మనదే. మీ 1,215 కిలోల మీద ఒక్కసారి పడితే 27 ట్రేల లెక్కన 80, 90 ట్రిప్పుల మిగులు పోయినట్టే. బండి నిర్మాణంలో అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని వేరే సెక్షను ఉంది. ఒక పట్టీ ఎక్కువ వేయడం ఆ మార్పు కిందికి వస్తుందా అన్నది వాదించవచ్చు. తొట్టి పొడిగించడం, పక్క పలకలు రెండడుగులు పెంచడం అయితే చూడగానే తెలిసిపోతుంది.

అసలు దెబ్బ ఇన్సూరెన్సులో ఉంది. మా దగ్గరి బంధువు బండి బోల్తా పడింది. సర్వేయర్ వచ్చి ముందు పట్టీలు లెక్కపెట్టాడు, తర్వాత బస్తాలు లెక్కపెట్టాడు, ఫోటోలు తీశాడు. ఏడాదిన్నర తిరిగితే అడిగినదాంట్లో కొంతే చేతికొచ్చింది. ఆ ఏడాదిన్నరా బండి షెడ్డులోనే ఉంది, కంతులు మాత్రం కట్టాడు.

ఈకో కొరియర్ (విశాఖ)

నేను మారుతి ఈకో కార్గో వ్యాను నడుపుతా, అట్టపెట్టెలు, మందులు, పార్సిళ్లు. నిండినా బరువు ఉండదు. దానికి వెనక పట్టీలు కావు, కాయిల్ స్ప్రింగులు. వాటి మధ్యలో రబ్బరు బుడ్డలు పెట్టమని షాపుల్లో చెప్తారు, పెట్టించకండి. ఖాళీగా వెళ్లేటప్పుడు బండి ఎగిరెగిరి పడుతుంది. టమాటాకీ అంతే అనుకుంటా. గట్టి పట్టీల మీద సగం లోడ్‌తో వెళ్తే అడుగు ట్రేలు నలిగిపోవా?

కమాను పని, 22 ఏళ్లు (పీలేరు)

నలుగుతాయి. ఆ మాట నేనే ముందు చెప్పాల్సింది.

తమ్ముడూ, నీ బండి కూర్చోవడానికి ఇంకో కారణం ఉండొచ్చు. 2017 బండి, నువ్వు కొనకముందే ఎవరో బాగా తోలి ఉంటారు. పాత పట్టీలకి వంపు చచ్చిపోయి ఉంటుంది. 27 ట్రేలకే వెనక దిగుతోందంటే అదే. విరిగిన ఒక్క పట్టీ మార్చి ఊరుకుంటే, కొత్త పట్టీ ఒక్కటే బరువంతా మోసి మళ్లీ అదే విరుగుతుంది. రెండు పక్కలా కట్ట మొత్తం కంపెనీ లెక్కతోనే కొత్తది వేయించు. పాతవి కొలిమిలో కాల్చి వంపు ఎక్కిస్తానంటారు కొందరు. అలా ఊరికే కాల్చి వంచితే ఉక్కుకి పదును పోతుంది, ఆరు నెలల్లో మళ్లీ సాగుతుంది.

వేయించేటప్పుడు బుష్‌లు, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపే సెంటర్ బోల్టు, కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు కొత్తవే పెట్టించు. పాత యూ బోల్టు సాగి ఉంటుంది, బిగించినా నిలవదు. ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక లోడ్ ఉన్నప్పుడే మళ్లీ బిగించాలి. ఇది చాలామంది చేయించరు. సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ వెనక్కి జరిగి బండి అడ్డంగా నడిచేది అందుకే. పనిలో పనిగా వెనక డ్రమ్ములు విప్పించి లైనర్లు చూపించు. బ్రేక్ ఆయిల్ రెండేళ్ల నుంచి మార్చకపోతే మార్పించు.

రోజూ 45 ట్రేలు కచ్చితంగా దొరుకుతాయనుకుంటే అది ఏస్ పని కాదు. టన్నుంపావు మోసే దోస్త్ లాంటి బండి పాతది చూసుకో. కంతు ఎక్కువే, కానీ టైరు, బ్రేకు, యాక్సిల్ అన్నీ ఆ బరువుకే పుట్టినవి.

టమాటా ట్రాలీ (మదనపల్లె దగ్గర)

అందరికీ నమస్కారం. నెల తర్వాత వస్తున్నా.

పీలేరు అన్న చెప్పినట్టు ముందు కాటా వేయించాను. ఖాళీ బండి వెనక చక్రాల మీద 365. 86 నంబరు టైర్లే. ఆ లెక్క చూశాక అదనపు పట్టీలు వద్దనుకున్నా. రెండు పక్కలా కొత్త కట్టలు వేయించి, యూ బోల్టులు వారం తర్వాత మళ్లీ బిగించాను. డ్రమ్ము విప్పితే కుడి పక్క లైనర్ రివెట్ దాకా అరిగిపోయి ఉంది. ఇన్నాళ్లూ 45 ట్రేలతో ఈ లైనర్ల మీదే వచ్చానని తెలిసి చేతులు వణికాయి.

ఇప్పుడు 27 ట్రేలకి వెనక దిగడం లేదు. బాడుగ ట్రేకి 26 అడిగాను. నాకు సరుకు వేసేవాళ్లు ముగ్గురు రైతులు. ఒకాయన వెంటనే పక్క ఊరి బండికి వెళ్లిపోయాడు. ఒకాయన 24కి ఒప్పుకున్నాడు, అడుగు ట్రేలు నలగడం లేదని ఆయనే అన్నాడు. మూడో ఆయన మా చిన్నాన్న వరస, ఇంకా మాట్లాడటం లేదు. ఈ నెల చేతికి తక్కువే వచ్చింది, అది దాచను. ఎల్బీ నగర్ అన్న అన్న మాట నిజమే, బాడుగ దగ్గరే అంతా ఆగిపోతోంది. మా ఊళ్లో, పక్క ఊళ్లో కలిపి ఏస్‌లు ఐదున్నాయి. ఐదుగురం 27కి మించి పెట్టకూడదని అనుకుంటే రైతు ఎక్కడికీ వెళ్లడు. ఇద్దరితో మాట్లాడాను, ఆదివారం మిగతా ఇద్దరితో కూర్చుంటున్నాం.

సామాను బండి (ఎల్బీ నగర్)

తమ్ముడూ, ఆ ఐదుగురూ ఒప్పుకుంటే ఎలా ఒప్పించావో ఇక్కడ తప్పకుండా రాయి. మా అడ్డాలో పదిహేను బండ్లున్నాయి. ఇవాళ సాయంత్రం నా బండి కూడా కాటా మీదికి ఎక్కిస్తున్నా.